ఒక సిలిండరు, నాలుగు పీపాలు

మన సంఘపు సంచికకు మావంటి విశ్రాంత గుమాస్తాలు వ్రాసెడి విషయములు సాధారణముగా రెండే: ఒకటి విడిచివచ్చిన ఊరు, రెండవది చాలీచాలని జీతము. ఈ రెండింటిని గూర్చియు పాఠకులు ఇదివరకే ఓపికతో చదివియున్నారు. కావున ఈసారి ఇంటిలో బీరు పోసికొను యంత్రమును గూర్చి వ్రాయుచున్నాము. ఈ మాట వినగానే పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయుదురని ఎరుగుదుము. మా ఇంటను అదియే జరిగినది. తుదివరకు చదువ ప్రార్థన. ఈ వ్యాసమున బీరు ఒక్క చుక్కయు ఒలుకదు.

మేము 1978 లో, మా యిరువదవ యేట, అప్పటి చిత్తూరు జిల్లాలోని పుంగనూరునుండి బెంగుళూరు వచ్చి ఒక కర్మాగారపు స్టోర్సు విభాగమున గుమాస్తాగా చేరితిమి. మా చదువు పదవ తరగతితో సరి. నలువది యేండ్లు సరకుల లెడ్జర్లు వ్రాసి 2018 లో విశ్రాంతి పొందితిమి. ఇప్పుడు బెళ్ళందూరున, చెరువునకు మైలు దూరమున, మూడవ అంతస్తులో కాపురమున్నాము. బెళ్ళందూరు, వర్తూరు ప్రాంతముల పాత రైతు కుటుంబములలో తెలుగు మాటాడు రెడ్లు పెక్కుమంది కలరు. కంప్యూటరు కంపెనీలు రాకమునుపే, ఇచట రాగి పండిన దినములనుండియే, వారి ఇండ్లలో తెలుగు వినబడుచున్నది. అందుచే మా వీధిలో తెలుగు మాటాడినంతమాత్రమున ఎవ్వరును తలత్రిప్పి చూడరు.

మా కుమారుడు అమెరికాలో తొమ్మిదేండ్లుండి 2023 లో ఉద్యోగము ఇచటికి మార్చుకొని వచ్చెను. వాని సామానుతోపాటు నాలుగు ఉక్కు పీపాలు, గడియారపు ముఖములవంటి రెండు మీటర్లు గల ఇత్తడి పనిముట్టు ఒకటి, సన్నని గొట్టముల చుట్ట ఒకటి దిగినవి. ఆ దేశమున గృహస్థులు తమ ఇంటనే బీరు కాచుకొనుట వింత కాదట. 1978 లో వచ్చిన చట్టము ప్రకారము ఇద్దరు పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలనులవరకు, అమ్మకమునకు గాక సొంత వాడుకకు, పన్ను లేక చేసికొనవచ్చును. మావాడును అచట స్నేహితులతో కలిసి కాచెడివాడట.

ఆ రాత్రి భోజనమువేళ మా గృహిణి అడిగెను: "ఏందయ్యా, ఆ పీపాలు దేనికి?"

వాడు దాచక చెప్పెను. ఆమె గరిటె క్రిందపెట్టి లోనికి పోయెను. ఆమె పుట్టిల్లు నెల్లూరు జిల్లా. ఆమె మేనమామగారి రెండెకరముల మాగాణి సారాకొట్టుకు పోయినది. 1992 లో అదే జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినపుడు ఆమె బంధువులలో ఆడవారు పెక్కుమంది చీపుళ్ళతో వీధికెక్కిరి. 1993 లో సారాపైనను, 1995 లో సమస్త మద్యముపైనను ఆంధ్రప్రదేశమున నిషేధము వచ్చుటకు ఆ స్త్రీల పూనికయే మూలము. 1997 లో ఆ నిషేధము సడలినది గాని మా గృహిణి మనస్సున సడలలేదు.

మేము మాత్రము మా వృత్తి ధర్మము చొప్పున కాగితము చదివితిమి. కర్ణాటక ఎక్సైజు చట్టము 1965 నాటిది. లైసెన్సు లేక మత్తుపానీయము తయారుచేయుట దాని ప్రకారము నేరము. బెంగుళూరున 2010 తరువాత వెలసిన చిన్న చిన్న బీరు శాలలన్నియు లైసెన్సు పొంది నడచునవే. మరునాడు వానిని పిలిచి, "తాగేది తాగంది నీ ఇష్టంరా. ఈ ఇంట్లో కాచేది మాత్రం కుదరదు. చట్టం ఒప్పుకోదు, మీ అమ్మ అంతకంటే ఒప్పుకోదు" అని చెప్పితిమి. వాడు ఎదురుచెప్పలేదు. పీపాలను బాల్కనీలో ఒక దుప్పటి క్రింద పెట్టెను. ఏడాదిన్నర అవి అటులే యున్నవి.

2025 వ సంవత్సరపు శ్రీరామనవమికి మన సంఘమువారు పానకము పంచవలెనని తీర్మానించిరి. ఎండలో ఐదు వందల మందికి చల్లగా ఎటుల అందించుట యను ప్రశ్న వచ్చినది. అప్పుడు మావాడు, "నాన్నా, ఆ పీపాల్లో బీరే పోయాలని ఏముంది? అవి అసలు సోడా పీపాలే" అనెను.

విచారింపగా వాని మాట నిజమే. సుమారు 19 లీటర్లు పట్టు ఈ పీపాలను మొదట వాడినవారు చల్లని పానీయముల కంపెనీలవారు. కొంతకాలమునకు వారు పాకమును సంచులలో నింపి అట్టపెట్టెలలో పంపుట మొదలిడగా, పాత పీపాలు చౌకగా అమ్ముడుపోయినవి. ఇంట బీరు కాచువారు వానిని కొనుక్కొనిరి. అంతకుమునుపటి కథ మరింత ముచ్చటైనది. 1767 లో ఇంగ్లండునందలి లీడ్సు పట్టణమున జోసఫ్ ప్రీస్ట్లీ యను పండితుడు బీరు కాచుశాల ప్రక్కన నివసించుచు, పులియుచున్న తొట్టిపై నిలిచియుండు గాలిని నీటిలో కలిపి చూచెను. నీరు చురుక్కుమనెను. 1772 లో ఆ పద్ధతిని పుస్తకముగా ప్రకటించెను. 1783 ప్రాంతమున జెనీవాలో ష్వెప్ అను నాతడు దానిని వ్యాపారము చేసెను. 1872 లో హైరమ్ కాడ్ అను ఇంగ్లీషువాడు గోళీ మూతగల సీసాకు పేటెంటు పొందెను. మన గోళీసోడా సీసా అదియే. ఇటుల సోడా బీరు తొట్టినుండి పుట్టి, తన పీపాను తిరిగి బీరునకు అప్పిచ్చినది. మావాడు ఆ అప్పును వసూలు చేయుదమనుచున్నాడు.

అంతయు విని మేము వలదంటిమి. కారణమడిగిన చెప్పలేదు. బీరు సంగతి యెటులున్నను మాకు గ్యాసన్న భయము. ఆ భయమునకు కారణమును ఏబదియైదేండ్లు ఎవ్వరికిని చెప్పలేదు. ఇప్పుడు పాఠకులకు చెప్పుచున్నాము.

పుంగనూరున మా నాయనగారికి గోళీసోడా అంగడి యుండెడిది. ఇనుప చట్రములో నీటి సీసాలను అమర్చి, తలుపు మూసి గడియ వేసి, సిలిండరునుండి గ్యాసు వదలి, పిడి పట్టుకొని చట్రమును గిరగిర త్రిప్పెడివారము. సీసా తలక్రిందులైనపుడు గోళీ మెడలోని రబ్బరు చుట్టపై కూర్చుండును. లోపలి గ్యాసు దానిని అచటనే అదిమిపట్టును. ఎంత గ్యాసు పోయినదో చెప్పు మీటరు మా యంత్రమునకు లేదు. చెవితో విని, చేతితో తెలిసికొనుటయే. సీసాలు అప్పుడప్పుడు పగిలెడివి. ఇనుప తలుపు ఉన్నది అందులకే.

1970 లో గంగమ్మ జాతరనాడు మాకు పండ్రెండేండ్లు, మా అన్నగారికి పదునారు. నాయనగారు మంచుగడ్డలకై పోయిరి. అంగడిముందు జనము క్రిక్కిరిసిరి. పిడి త్రిప్పినవారము మేము. తొందరలో తలుపు గడియ వేయలేదు. గ్యాసును ఎప్పటికంటె ఎక్కువగా వదలితిమి. ఒక సీసా పగిలి, తలుపు తెరచుకొని, గాజు ముక్క ఎదుట వంగియున్న మా అన్నగారి ఎడమ కంటిలో దిగెను. మదనపల్లెకు తీసికొనిపోయిరి. కన్ను నిలువలేదు. గడియ వేయనిది ఎవ్వరని నాయనగారు అడిగినపుడు మా అన్నగారు కట్టుతో పండుకొనియుండి, "నేనే" అనిరి. మేము నోరు విప్పలేదు. ఆయన ఒక కంటితోనే ఆ అంగడిని ముప్పదియేండ్లు నడిపిరి. ప్లాస్టికు సీసాల పానీయములు పల్లెలకు వచ్చిన పిదప దానిని మూసివేసిరి.

అయినను మా గృహిణి, "రాములవారి పానకానికయితే కానీండి" అని ఒప్పుకొనెను. ఆమె ఒప్పుకొనిన పిదప మా నిరాకరణకు బలము లేకపోయినది. ఒక్క నిబంధన పెట్టితిమి: ప్రతి దినము ప్రతి కొలతయు లెడ్జరులో వ్రాయబడవలెను.

ఇక యంత్రపు సంగతి. సిలిండరులో రెండు కిలోల బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డయాక్సైడు, ద్రవరూపమున నుండును. దాని పీడనము మామూలు వేసవి దినమున చదరపు అంగుళమునకు 900 పౌండ్లకు పైమాటయే. పీపాకు కావలసినది పది పండ్రెండు పౌండ్లు. ఆ రెండింటి నడుమ నిలుచునది రెండు మీటర్ల ఇత్తడి పనిముట్టు. దానిని రెగ్యులేటరందురు. ఒక మీటరు సిలిండరు పీడనమును, రెండవది పీపాకు పోవు పీడనమును చూపును. మొదటి మీటరును నమ్మి గ్యాసెంత మిగిలినదో చెప్పరాదు. లోపల ద్రవము ఒక గరిటెడున్నంతవరకు ముల్లు కదలదు. అది ముగిసిన పిదప ఒక్కసారిగా పడును. కావున సిలిండరును తూచవలెను. ఖాళీ బరువు దాని మెడపై చెక్కబడియుండును. తూకమునుండి దానిని తీసివేసిన మిగిలినది గ్యాసు. నలువది యేండ్లు స్టోర్సులో పనిచేసిన మాకు ఈ లెక్క చూచిన పిదప సిలిండరు కొంత చుట్టమువలె తోచినది.

రెగ్యులేటరునుండి వచ్చు ఒక గొట్టము నాలుగు కుళాయిల ఇత్తడి కొమ్మకు పోవును. అచటినుండి నాలుగు గొట్టములు నాలుగు పీపాలకు. ప్రతి పీపా తలపై రెండు మొలకలు కలవు. గ్యాసు పొట్టి గొట్టముద్వారా పైనుండి దిగును. పానీయము అడుగువరకు దిగిన పొడుగు గొట్టముద్వారా పైకి లేచి గ్లాసులోనికి వచ్చును. మూతపై చిన్న ఉంగరమొకటి యున్నది. దానిని లాగిన లోపలి పీడనము బుస్సున బయటపడును. మూత తీయుటకు ముందు దానిని లాగుట ఎన్నడును మరువరాదు.

నీటిలో గ్యాసెంత కరగునో పీడనమును బట్టి యుండునని 1803 లో విలియం హెన్రీ అను ఇంగ్లీషు పండితుడు తెల్పెను. చల్లదనము హెచ్చినకొలది ఇంకను ఎక్కువ కరగును. నాలుగు డిగ్రీల చలిలో పండ్రెండు పౌండ్లు పెట్టి వారము దినములుంచిన బీరు, తన ఘనపరిమాణమునకు రెండున్నర రెట్ల గ్యాసును మ్రింగును. సోడాకు ముప్పది పౌండ్లు కావలెను. కావున పీపాలన్నియు ఒక పాత ఫ్రిజ్జులో చేరినవి. మొదటి దినము కుళాయి విప్పగా గ్లాసెడు నురుగు మాత్రమే వచ్చినది. మా ప్రక్కింటి కన్నడ మిత్రులు చూచి, "ఇది మన చెరువు నీరు కాదు గదా?" అనిరి. మురుగుతోను సబ్బునీటితోను మా చెరువు నురుగు గ్రక్కి, ఆ నురుగు 2015 లో మంటలంటుకొనుట పాఠకులు పత్రికలలో చూచియుందురు. మా గ్లాసులోని నురుగునకు కారణము వేరు. గొట్టము మరీ పొట్టిది. పానీయము సన్నని గొట్టములో పదియడుగుల దూరము నడచి వచ్చిన, త్రోవలోనే దాని పీడనము క్రమముగా తగ్గి నెమ్మదిగా గ్లాసులో దిగును. పొడుగు గొట్టము వేయగానే నురుగణగినది.

సిలిండరును ఎచటనుంచుట? మావాడు పూజగది ప్రక్కనున్న కొట్టుగది అనెను. మేము కాగితముపై లెక్కవేసితిమి. రెండు కిలోల గ్యాసు బయటపడిన సుమారు 1100 లీటర్లగును. పదియడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తుగల ఆ గది పట్టునది 17,000 లీటర్లు. అనగా నూటికి ఆరు వంతులకు పైన. అంత గాలిలో మనిషికి ఊపిరి బరువెక్కి తల తిరుగును. పది వంతులైన స్పృహ తప్పును. ఈ గాలి మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు గలది. నేలబారుగా నిలుచును, రంగు లేదు. ఆ గదిలోనే మా మనుమరాలు ఆడుకొనును. లెక్క చూచి మావాడు మారుమాటాడక సిలిండరును బాల్కనీకి మోసికొనిపోయి, నిలువుగా నిలిపి, గొలుసుతో కమ్మీకి కట్టెను.

పండుగకు పదిదినముల ముందు ఒక పరీక్ష చేసితిమి. పానకపు పీపాను అంచువరకు నింపి ముప్పది పౌండ్లు ఎక్కించి, తరువాత రెగ్యులేటరును పండ్రెండుకు దించి నాలుగు కుళాయిలను ఒక్కసారి విప్పితిమి. మరునాడు మా గృహిణి సోడా రుచిచూచి, "సోడాకు శొంఠి వాసనేంది?" అనెను. ఎక్కువ పీడనముగల పీపానుండి పానకము గ్యాసు గొట్టములోనికి వెనుకకు తన్ని, కొమ్మగుండా పోయి సోడాలో కలిసినది. దీనికి చికిత్స ప్రతి గొట్టమునకు ఒక చిన్న కవాటము వేయుట. అది గ్యాసును ముందుకు పోనిచ్చును, వెనుకకు రానీయదు. సోడాకు వేరొక రెగ్యులేటరు కూడ తెచ్చితిమి. పీపాను అంచువరకు నింపక నాలుగు వ్రేళ్ళ ఖాళీ విడుచుట నేర్చితిమి. మిరియపు పలుకులు మొలకలో చిక్కుకొనకుండ పానకమును పలుచని గుడ్డతో వడగట్టవలెనని కూడ తెలిసినది.

పండుగకు ఐదు దినములముందు మా అన్నగారు పుంగనూరునుండి వచ్చిరి. ఆ రాత్రి సిలిండరు తూచి లెడ్జరులో వ్రాసి పండుకొంటిమి. తెల్లవారి తూచగా 600 గ్రాములు తగ్గినది. ఎచటనో కారుచున్నది. మావాడు ప్రతి బిగింపును త్రిప్పిచూచెను. తెలియలేదు. మా అన్నగారు లేచి, గిన్నెలో సబ్బు నురగ చేసి, పాత కుంచెతో కీలుకీలుకు పూయ నారంభించిరి. మూడవ కుళాయివద్ద చిన్న బుడగ లేచినది. పగిలినది, మరల లేచినది. "ఇక్కడ వాషరు లేదురా అబ్బాయా" అనిరి. "పెదనాన్నా, నేను గంటసేపు చూశాను, నాకు కనబడలేదు" అని మావాడు ఆశ్చర్యపడెను.

వాషరు వేసి, సిలిండరు మర విప్పుటకు మమ్ము పిలిచిరి. మా చేయి వణకినది. మా అన్నగారు మా ప్రక్కకు వచ్చి నిలిచి మెల్లగా, "గడియ ఏసినావా?" అని అడిగిరి.

ఆ యంత్రమునకు గడియ లేదు. మేము ఆయన ముఖము చూచితిమి.

"నువ్వే ఏయలేదని నాకు ఆ పొద్దే తెలుసు లేరా," అనిరి. "నీకు పన్నెండేండ్లు. నాయన కోపం నీకు తెలియంది కాదు. నా కన్ను ఎట్లా పోయింది, ఇంక నిన్నెందుకు కొట్టించేది? ఇన్నేండ్లు మోసినావా దాన్ని?"

"మోసినాను అన్నా," అంటిమి. అంతకు మించి మాట రాలేదు. ఆయన మా చేతిపై చేయి వేసి మర త్రిప్పిరి. ముల్లు పండ్రెండుకు వచ్చి నిలిచినది. మావాడు ఏమియు అడుగక గొట్టములు సవరించుచుండెను.

ఏప్రిలు 6, ఆదివారము, శ్రీరామనవమి. స్వామికి నివేదించిన పానకము ఇత్తడి గంగాళములోనిదే. అందు మార్పు లేదు. పంచుటకు మాత్రము నాలుగు పీపాలు నిలిచినవి: ఒకదానిలో గ్యాసు కలుపని పానకము, దానిని మూడు పౌండ్ల పీడనముతో ఊరక తోసితిమి. రెండవదానిలో చురుకు పానకము, మూడవదానిలో నన్నారి, నాలుగవదానిలో వట్టి సోడా. బెల్లపు నీరు వెచ్చగా రెండు దినములుండిన పులియునని మా గృహిణి ముందురాత్రియే తన చేతితో కలిపి చలిలో పెట్టించెను. "అట్లే వదిలితే సారాకు దారి అదే" అని ఆమె హెచ్చరిక. పీపాకు 19 లీటర్ల చొప్పున 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వందలైనవి. పానకము, కోసంబరి కన్నడిగుల రామనవమికిని సొంతమే గనుక ఇరుగుపొరుగు వారందరును వచ్చిరి. పెద్దలు మొదటి పీపావద్ద, పిల్లలు రెండవదానివద్ద గుంపుగూడిరి. మా గృహిణి చురుకు పానకము ఒక గ్లాసు త్రాగి, బాగున్నదని చెప్పక, ఇంకొక గ్లాసు తీసికొనెను.

పరదేశమునుండి పిల్లలు తెచ్చు వస్తువులను చూచి మనము తొందరపడి పారవేయుదుము, లేదా తొందరపడి నెత్తికెత్తుకొందుము. మాకు తెలిసినంతలో రెండును వలదు. అది ఏమి వస్తువో అడుగవలెను, చట్టము చూడవలెను, తూచవలెను, సబ్బు నురగ పూసి చూడవలెను. ఒకే సిలిండరు గ్యాసు నాలుగు పీపాలకు పోయినను దేనికి తగిన పీడనము దానికి పెట్టిన యెడల ఒకదాని రుచి మరొకదానికి అంటదు. ఇంటిలోని మాటలకు మాత్రము వెనుకకు రానీయని కవాటము పనికిరాదు. అది బిగించుకొని మేము ఏబదియైదేండ్లు వృథా చేసితిమి.

పండుగ మరునాడు సిలిండరు తూచితిమి. మిగిలిన గ్యాసు 1 కిలో 210 గ్రాములు. లెడ్జరులో తేదీ, తూకము వ్రాసి, 'తనిఖీ చేసినవారు' అను గడిని ఖాళీగా విడిచి మా అన్నగారి ముందు పెట్టితిమి. ఆయన కండ్లద్దము సవరించుకొని తెలుగులో సంతకము చేసిరి.